చిన్నా, ఆ లోయలో మూడు రోజులు ఉండు

చిన్నా,

నువ్వు వాట్సాప్‌లో పెట్టిన ట్రిప్ ప్లాన్ చూశాను. పది రోజుల్లో ఆరు దేశాలు, అందులో నాలుగు రాత్రులు బస్సులోనే నిద్ర. ఫోన్లో చెప్తే "సరేలే అమ్మా" అని పెట్టేస్తావు, అందుకే కూర్చుని రాస్తున్నాను. ఆ ఆరింట్లో రెండు తీసెయ్. అలా మిగిలే మూడు రోజులు స్విట్జర్లాండ్‌లో లౌటర్‌బ్రున్నెన్ అనే ఊళ్లో ఉండు.

కిందటేడాది జూన్‌లో నీకు పరీక్షలని మేమిద్దరమే టూర్ వాళ్లతో తిరిగాం కదా. ఆ పన్నెండు రోజుల్లో చూసిన ఊళ్లు చాలా వరకు కలగాపులగం అయిపోయాయి, ఏ చర్చి ఏ ఊళ్లోదో ఫోటో చూసినా చెప్పలేను. స్విట్జర్లాండ్‌లోని రైన్ జలపాతం మాత్రం గుర్తుంది. ఎత్తు 23 మీటర్లే కానీ 150 మీటర్ల వెడల్పున దూకుతుంది. మాకక్కడ ఇచ్చింది నలభై నిమిషాలు.

ఆ తర్వాత రోజు యుంగ్‌ఫ్రౌయోక్ తీసుకెళ్లారు. 3,454 మీటర్ల ఎత్తున రైల్వే స్టేషన్, 1912లో తెరిచారు. అక్కడి నుంచి ఆలెచ్ హిమానీనదం, అంటే మెల్లగా జారే మంచు నది, కనిపిస్తుంది, ఆల్ప్స్‌లో దానంత పొడవైనది ఇంకోటి లేదు, ఇరవై కిలోమీటర్లు. నేను కళ్లార్పకుండా చూస్తుంటే మీ నాన్న గోడకి ఆనుకుని నిలబడిపోయారు, తల పగిలిపోతోంది, ఊపిరి ఆడట్లేదు అన్నారు. నాకు ఎంత టెన్షన్ వచ్చిందో! మిగతావాళ్లని అక్కడే వదిలేసి వెంటనే మేం కిందికి వచ్చేశాం, రెండు రైళ్లు మారి, కార్లే ఉండని వెంగెన్ ఊరి మీదుగా. లౌటర్‌బ్రున్నెన్‌లో దిగేసరికి మనిషి తేరుకున్నారు. మా బస్సు రావడానికి ఇంకా ఐదు గంటలుంది. యూరప్ మొత్తంలో నాకు మిగిలింది ఆ ఐదు గంటలే.

ఇరవై ఎనిమిదేళ్లు సోషల్ చెప్పాను. నది కోస్తే 'వి' ఆకారపు లోయ, హిమానీనదం కోస్తే 'యు' ఆకారపు లోయ అని ఎన్నిసార్లు బోర్డు మీద గీశానో లెక్కలేదు. ఆ రోజు ఆ 'యు' మధ్యలో నిలబడ్డాను రా. రెండు పక్కలా నిట్టనిలువు రాతి గోడలు, అడుగున చదునైన పచ్చిక, ఆవుల మెడలో గంటల చప్పుడు. పెద్ద హిమానీనదం లోతుగా తవ్వుకుపోతే, పక్కనుంచి వచ్చి కలిసే చిన్నవి అంత తవ్వలేక పైనే ఉండిపోయాయి. పుస్తకంలో వ్రేలాడే లోయలు అని ఉండేది చూడు, అవే. వాటిలోని నీళ్లన్నీ ఆ గోడల మీదుగా పడాల్సిందే, ఆ లోయలో 72 జలపాతాలున్నాయంటారు.

ఊరి పక్కనే పడేది స్టౌబాఖ్, దాదాపు 300 మీటర్లు. జర్మన్‌లో స్టౌబ్ అంటే దుమ్ము, బాఖ్ అంటే వాగు, అది నీకే బాగా తెలుసు. నీళ్లు నేలదాకా నీళ్లలా రావు. గాలి వీచినప్పుడు సగం దారిలోనే తుంపరైపోయి, ఆరేసిన చీర కొంగులా పక్కకి జరుగుతాయి. జర్మన్ కవి గోథే 1779లో ఇది చూసే నీళ్ల మీద కవిత రాశాడు, దొరికితే జర్మన్‌లోనే చదువు. మీ నాన్న బెంచీ మీద కూర్చుంటే నేను మెట్లెక్కి జలపాతం వెనక్కి వెళ్లాను. కళ్లద్దాలు తడిసిపోయాయి, తుడుచుకోబుద్ధి కాలేదు.

తర్వాత బస్సెక్కి దగ్గర్లోనే ఉన్న ట్రుమ్మెల్‌బాఖ్‌కి వెళ్లాం. దీన్ని మాత్రం వదలకు. ఇది కొండ లోపల పడుతుంది, ఒకదాని కింద ఒకటి పది జలపాతాలు. యుంగ్‌ఫ్రౌ, మోంఖ్, ఐగర్ శిఖరాల మంచు కరిగిన నీరు రాయిని తొలుచుకుని సెకనుకి 20 వేల లీటర్ల దాకా దిగుతుంది. పక్కనే ఉన్నా ఒకరి మాట ఒకరికి వినిపించలేదు. గోడ మీద చెయ్యి పెడితే రాయి వణుకుతున్నట్టు తెలిసింది. చలికాలంలో మూసేస్తారు, నువ్వు వెళ్లేది జులై కాబట్టి ఫరవాలేదు. లోపల మెట్లు తడిగా ఉంటాయి, ఆ అరిగిపోయిన బూట్లతో వెళ్లకు.

పైన యుంగ్‌ఫ్రౌయోక్‌కి టికెట్ 200 ఫ్రాంకులు దాటుతుంది, డబ్బు చాలకపోతే మానెయ్. కానీ ఎక్కడో ఒక చోట హిమానీనదాన్ని కంటితో చూడు. 2022, 2023 రెండేళ్లలోనే స్విట్జర్లాండ్ హిమానీనదాలు పదో వంతు మంచు పోగొట్టుకున్నాయి. నీ పిల్లలకి నువ్వు చూపించే రోజుకి ఎంత మిగులుతుందోనని నాకు దిగులుగా ఉంది.

ఊరి మధ్యలో లూచినే అని ఒక ఏరు పారుతుంది, వంతెన మీద కాసేపు నిలబడు. వరదొస్తే మన గోదావరి ఎర్రబడుతుంది కదా, ఆ ఏరు బియ్యం కడిగిన నీళ్లలా తెల్లగా ఉంటుంది. హిమానీనదం కదులుతూ కింద రాతిని పిండిలా నూరేస్తుంది, ఆ పిండి రంగే అది. ఆ నీళ్లు బ్రియెంజ్ సరస్సులోకి, అక్కడి నుంచి ఆరె నదిలోకి, ఆరె వెళ్లి రైన్‌లోకి. ఆ రెండూ కలిసే చోట రైన్ కంటే ఆరెలోనే నీళ్లెక్కువ. అంటే నువ్వు జర్మనీలో, ఆ కొలోన్‌లో రోజూ ట్రామ్‌లో దాటేది ఆ నీళ్లనే. పిండి చాలావరకు దారిలో సరస్సుల్లోనే దిగిపోతుంది కాబట్టి మీ ఊరికి వచ్చేసరికి ఆ తెలుపు ఉండదు.

వంతెన మీద నుంచి ఆ ఏటి ఫోటో ఒకటి తీసి పంపు. అందులో నువ్వు లేకపోయినా సరే, ఆ రంగు ఇంకోసారి చూడాలని ఉంది.

అమ్మ