మోటారు మీద చెయ్యి వేయొద్దంటే ఎలా?

సంపాదకుడు గారికి,

వారం కిందట మీ జిల్లా పేజీలో 'పడవ మోటార్లకు సొంత మరమ్మతులు వద్దు' అన్న వార్త చదివాను. పడవ వెనక బిగించే ఈ ఔట్‌బోర్డు మోటార్లు నడిసముద్రంలో ఆగిపోవడానికి మత్స్యకారుల తెలిసీ తెలియని చేతిపనులే కారణమట. చెడిపోతే కంపెనీ సర్వీసు సెంటరుకే తీసుకెళ్లాలట. సెలవిచ్చిన అధికారి ఆ సెంటరు ఎక్కడుందో కూడా సెలవిస్తే బాగుండేది. వాకాడు తీరం నుంచి మోటారును ఆటోలో పడేసుకుని నెల్లూరుకో చెన్నైకో మోయాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజనతో తిరుపతికి సముద్రమైతే వచ్చింది గానీ, ఆఫీసుల కిటికీల్లోంచి ఇంకా కొండే కనబడుతున్నట్టుంది.

మోటారు ఆగిన ప్రతిసారీ పెద్ద జబ్బే అయి ఉండదు. ట్యాంకు మూత మీది గాలి స్క్రూ తెరవడం మరిచిపోతే కాసేపు నడిచి ఆగిపోతుంది. చేత్తో నొక్కే రబ్బరు బుడ్డి మీది బాణం ట్యాంకు వైపు తిరిగి ఉంటే ఎంత నొక్కినా పెట్రోలు ఎక్కదు. స్విచ్చి క్లిప్పు ఊడిపోతే ఎంత లాగినా అందుకోదు. వీటికీ చెన్నైయేనా?

నిజంగా మోటారు ప్రాణం తీసేది వేడి. దాన్ని చల్లార్చేది గేరుపెట్టె పైనుండే పంపు, అందులో తిరిగే గుప్పెడంత రబ్బరు ఇంపెల్లరు. మోటారు నడుస్తుంటే వెనక నుంచి సన్నటి నీటి ధార రావాలి. ధార పలచబడితే వెంటనే ఆపి ఆ రంధ్రంలో సన్న తీగ పెట్టి చూడాలి, ఇసుక అడ్డుపడి ఉండొచ్చు. తీగకు లొంగకపోతే పంపు విప్పాల్సిందే. ముందు ప్లగ్గుల టోపీలు పీకాలి, పొరపాటున అందుకుంటే వేళ్లు మిగలవు. గేరు కడ్డీ విడదీసి, బోల్టులు తీస్తే గేరుపెట్టె కిందికి జారి వస్తుంది. పంపు మూత తీశాక ఇంపెల్లరు రెక్కలు ఒకే పక్కకు వంగి గట్టిపడినా, అంచులు చిట్లినా మార్చేయాలి. రెక్క ముక్క ఏదైనా విరిగిపోయి ఉంటే దొరికేదాకా వెతకాలి, అది పైకి పోయి నీటి దారిలో ఇరుక్కుంటే కొత్త ఇంపెల్లరు వేసినా వేడి తగ్గదు. కొత్తదానికి సబ్బునీళ్లు రాసి, ఇంపెల్లరును షాఫ్టుకు పట్టి ఉంచే చిన్న లోహపు ముక్క (కీ) జారిపోకుండా, పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపుకే షాఫ్టును తిప్పుతూ మూత కూర్చోబెట్టాలి. ఎదురు తిప్పితే రెక్కలు తిరగబడి కొత్తది కూడా పాడవుతుంది. ఏడాదికోసారి చేయాల్సిన పని ఇది, ఇసుక నీళ్లలో తిరిగే మోటారుకైతే ఇంకా ముందే. చేయి తిరిగినవాళ్లకు పూట కూడా పట్టదు.

గేరు ఆయిలు 100 గంటలకోసారి మార్చాలి. దించినప్పుడు మజ్జిగలా తెల్లగా వస్తే సీలు పోయి నీళ్లు చేరినట్టు. నీళ్లలో తిరిగి పడవను నెట్టే ఫ్యాను వెనక షాఫ్టుకు చుట్టుకున్న నైలాను వల దారమే చాలాసార్లు ఆ సీలును కోసేది, కాబట్టి అప్పుడప్పుడు ఫ్యాను విప్పి దారం లాగేయాలి. కొత్త ఆయిలు కింది రంధ్రంలోంచే ఎక్కించాలి. పైనుంచి పోస్తే గాలి చిక్కుకుంటుంది. పై రంధ్రంలోంచి పొర్లాక ముందు పై స్క్రూ, ఆ తర్వాతే కిందిది బిగించాలి. వాషర్లు మాత్రం కొత్తవే. అక్కడ పిసినారితనం పనికిరాదు.

ఇక పెట్రోలు సంగతి మీ వార్తలో ఒక్క ముక్కా లేదు. బంకుల్లో పోస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపినది. ఔట్‌బోర్డు కంపెనీల పుస్తకాలు సాధారణంగా 10 శాతం దాటొద్దంటాయి. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చి, నీళ్లతో కలిసి ట్యాంకు అడుక్కి దిగుతుంది. మోటారు పీల్చేది అడుగునుంచే. లీటరుకు 20 మిల్లీలీటర్ల చొప్పున ఎంత శ్రద్ధగా టూస్ట్రోకు ఆయిలు కలిపినా అది పైనున్న పెట్రోలులోనే ఉండిపోతుంది. ఆయిలు లేని సరుకు తాగిన పిస్టను పట్టేస్తే అదీ మత్స్యకారుడి చేతిపనేనా? రోడ్డు మీది బండి ఆగితే తోసుకుంటూ ఇంటికి పోతాం, సముద్రంలో దేన్ని తోస్తాం?

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట లేదు. ఒడ్డున పడున్న మోటార్ల కార్బురేటర్లలో మిగిలిన పెట్రోలు బంకలా మారి జెట్లనే సన్న రంధ్రాలు మూసుకుపోయేది సరిగ్గా ఈ రోజుల్లోనే. పడవలు కట్టేసే ముందే పెట్రోలు పైపు పీకి మోటారు దానంతటది ఆగేదాకా నడిపించి, కార్బురేటరు గిన్నె స్క్రూ విప్పి ఖాళీ చేయమని ఏప్రిల్లో ఊరూరా చెప్పి ఉండాల్సింది. నిషేధ భృతి 20,000 ఇచ్చేటప్పుడు ఫొటోలకు వచ్చే పెద్దలు అదే రోజు ఒక మెకానిక్కును కూడా వెంటబెట్టుకు రాకూడదా? మరమ్మతు పుస్తకం తెలుగులో అచ్చేయడానికి ఏ కేంద్ర నిధులు రావాలి? పాత రోజుల్లో ఊళ్లోకొచ్చిన అధికారి పడవెక్కి చూసేవాడు, ఇప్పుడు వాట్సాప్‌లో హెచ్చరిక పెడితే డ్యూటీ అయిపోయినట్టే.

ప్లగ్గుకు నిప్పురవ్వ అందించే సీడీఐ పెట్టె, పిస్టను, క్రాంకు లాంటివి తెలిసిన మెకానిక్కుకే వదలాలి, అందులో పేచీ లేదు. ప్లగ్గు మార్చడానికీ, ఆయిలు దించడానికీ కూడా భయపెట్టడమే తప్పు.

తా.క.: ఆ వార్త పక్కన వేసిన ఫొటోలో మోటారును ఇసుకలో స్టాండుకు బిగించి, కింద చుక్క నీళ్లు లేకుండానే స్టార్టు చేసి చూపించారు, పొగ కూడా కనిపిస్తోంది. పొడిగా నడిస్తే ఆ ఇంపెల్లరు నిమిషం నిలవదు. ఆ మోటారు ఎవరిదో గానీ, నీళ్లలో దించేలోపు పంపు విప్పి చూసుకోమనండి.

— ఓ పాఠకుడు, వాకాడు మండలం, తిరుపతి జిల్లా