బుజ్జమ్మకు, రేడియో గురించి

కావలి

చి. బుజ్జమ్మకు నాన్న ఆశీర్వదించి రాసేది. ఇక్కడ అందరం బాగున్నాం.

డాక్టర్లు మాట్లాడేది అర్థమవుతోంది గానీ వార్డులో పెద్దవయసు పేషెంట్ల మాటే సగం అందడం లేదనీ, డ్యూటీ దిగి గదికొస్తే పలకరించే గొంతే ఉండదనీ మొన్న ఫోన్లో అన్నావు. అప్పటి నుంచీ నా మనసు అక్కడే ఉంది. నువ్వు రేడియో పెట్టుకో తల్లీ. బీబీసీ వాళ్ల రేడియో ఫోర్. నువ్వు ఇంగ్లండులో లీడ్స్ వెళ్లిన దగ్గర్నుంచి నేనూ ఫోన్లో పెట్టుకుని వింటున్నాను కాబట్టి తెలిసే చెబుతున్నాను.

అందులో పాటలు చాలా తక్కువ, పొద్దున లేచింది మొదలు అర్ధరాత్రి దాకా మాటలే. అంతకు ముందు హోమ్ సర్వీస్ అని ఉండేది, 1967 సెప్టెంబరు 30న రేడియో ఫోర్ అయింది. ప్రకటనలు ఉండవు. అక్కడి ఇళ్లవాళ్లు టీవీ లైసెన్సు కింద కట్టే డబ్బుతో నడుస్తుంది. రేడియో ఒక్కటే వినేవాళ్లకు ఆ లైసెన్సు అక్కర్లేదు, నువ్వేమీ కట్టనక్కర్లేదు. మన దగ్గరా ఒకప్పుడు రేడియోకి లైసెన్సు ఉండేది, పోస్టాఫీసులో డబ్బు కట్టి పుస్తకంలో ముద్ర వేయించుకొచ్చేవాళ్లం. ఎవరూ ఏమీ అమ్మజూపకుండా మాట్లాడితే ఆ మాట తీరే వేరు. ఎదుటి మనిషిని మాట పూర్తి చేయనిస్తారు. మన టీవీ చర్చలు చూసి విసిగిపోయిన నాకు అది పెద్ద ఊరట.

తెల్లవారుజామున పావు తక్కువ ఆరుకు వ్యవసాయం కబుర్లు. ఆరింటి నుంచి తొమ్మిది దాకా 'టుడే'. మంత్రులను కూర్చోబెట్టి గట్టిగా ప్రశ్నలు అడిగేది అక్కడే. రాజకీయం నీకు అంత అవసరం లేదు, తయారవుతూ చెవిన వేసుకుంటే చాలు. పదింటికి 'ఉమెన్స్ అవర్'. ఇది మాత్రం సెలవు రోజు కూర్చుని విను. 1946లో మొదలైంది. ఆడవాళ్ల కార్యక్రమానికి మొదట మాట్లాడించింది ఒక మగాయనంటే ఆశ్చర్యంగా ఉంది కదా! కాన్పు కష్టాలు, జీతాల్లో తేడా, ముసలి తల్లిదండ్రుల సేవ, అన్నీ దాపరికం లేకుండా మాట్లాడతారు. నీ వార్డులోకి వచ్చే ఆడవాళ్ల మనసు తెలుస్తుంది. మధ్యాహ్నం వార్తలు, నాటకం. సాయంత్రం ఆరింటికి లండన్ గడియార స్తంభం బిగ్ బెన్ గంటలు కొట్టి మళ్లీ వార్తలు. రాత్రి పదకొండు కావొస్తుంటే పుస్తకంలో కొంత చదివి వినిపిస్తారు.

ఏడింటికి వచ్చే 'ది ఆర్చర్స్' గురించి మాత్రం కాస్త ఎక్కువ చెప్పాలి. ఆంబ్రిడ్జ్ అని లేని ఊరు ఒకటి కల్పించి, అక్కడి రైతు కుటుంబాల కథ రోజుకు కాసేపు చెబుతారు. 1951 జనవరి 1 నుంచి దేశమంతటా వస్తూ ఇప్పటికీ ఆగలేదు. యుద్ధం అయిపోయినా తిండికి రేషనే ఉన్న రోజులవి. దిగుబడి పెంచే పద్ధతులు రైతులకు చెప్పాలి, ఉపన్యాసమైతే ఎవరూ వినరు, అందుకని కథలో కలిపి చెప్పారు. ఇది చదివినప్పుడు నాకు మీ తాత గుర్తొచ్చాడు. విజయవాడ కేంద్రం వ్యవసాయ కార్యక్రమం అయ్యేదాకా ఆయన అన్నానికి లేచేవాడు కాదు. యూరియా ఎంత వేయాలో విని క్యాలెండరు మీద రాసుకునేవాడు. తంజావూరు రైతులైతే రేడియోలో విని వేసిన ఏడీటీ-27 అనే వరి రకానికి రేడియో వడ్లనే పేరు పెట్టుకున్నారు.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఓడలకు చెప్పే వాతావరణం, 'షిప్పింగ్ ఫోర్‌కాస్ట్'. మీకు అర్ధరాత్రి దాటి 12:48. ఈ చలికాలంలో మాకు పొద్దున ఆరుంబావు దాటాక వస్తుంది. నీకు నైట్ డ్యూటీ లేని రోజున నువ్వు నిద్రలో ఉంటావు, నేను కాఫీ తాగుతూ వింటాను. బ్రిటన్ చుట్టూ సముద్రాన్ని 31 భాగాలు చేసి, ఒక్కోదానికి ఒక పేరు పెట్టి, వైకింగ్ అనే భాగంతో మొదలుపెట్టి ఎప్పుడూ ఒకే వరసలో చదువుతారు. డాగర్, ఫిషర్, జర్మన్ బైట్... ఒక్కో చోట గాలి ఎటు నుంచి, ఎంత జోరు, వాన ఉందా, ఎంత దూరం కనపడుతుంది, అంతే. ఒక్క మాట ఎక్కువ ఉండదు. అందులో ఫిట్జ్‌రాయ్ అనే పేరు 2002లో పెట్టారు. వాళ్ల వాతావరణ శాఖను మొదలుపెట్టిన నావికుడాయన. 1859లో రాయల్ చార్టర్ అనే ఓడ తుఫానులో మునిగి వందల మంది పోయాక, ముందే హెచ్చరిక పంపే ఏర్పాటు చేసింది ఆయనే.

తుమ్మలపెంట పడవలవాళ్లకు ఈ సంగతి చెబితే వెంటనే అర్థమవుతుంది. కృష్ణపట్నం ఓడరేవులో మూడో నంబరు హెచ్చరిక ఎగరేశారు, వేటకు పోవద్దు అని రేడియోలో విన్నవాళ్లు కదా. 1984 నవంబరులో తుఫాను శ్రీహరికోట దగ్గర తీరం దాటినప్పుడు కరెంటు లేదు, మా బ్యాటరీ సెట్టు ఒక్కటే మాట్లాడుతోంది. వీధి వీధంతా మా వసారాలో ఉంది. ఆ రాత్రి చదివిన మనిషి గొంతులో తొందర లేదు, భయం లేదు. మా అందరికీ ధైర్యం ఇచ్చింది ఆ గొంతే. ఆ నిదానమే నాకు ఇప్పుడు ఇందులోనూ వినపడుతోంది.

అన్నీ అర్థం కావాలని టెన్షన్ పడకు. వంట చేసుకుంటూ పెట్టుకో. రోజూ అదే వేళకు అవే గొంతులు వింటుంటే చెవి అలవాటు పడుతుంది. ఆర్చర్స్ ఒక వారం వదలకుండా విను, ఆదివారం పొద్దున వారం మొత్తం కలిపి మళ్లీ వేస్తారు, తప్పిపోయింది అప్పుడు పట్టుకోవచ్చు. నీ వార్డులో ఎనభై దాటిన వాళ్లలో చిన్నప్పటి నుంచి దాన్ని విన్నవాళ్లు తప్పకుండా ఉంటారు. మందు వేస్తూ, నిన్న ఆంబ్రిడ్జ్‌లో ఏమైందని అడిగి చూడు. వాళ్లు నిదానంగా చెబుతారు, నువ్వు వింటావు. ఏం చెప్పారో నాకు రాయి.

అమ్మ నిన్ను చలిలో తల తడిగా ఉంచుకోవద్దని చెప్పమంది.

ఆశీస్సులతో
నాన్న