చేతిలో టికెట్ ఉంది, ఎక్కడానికి రైలు లేదు: కేంద్ర రైల్వే మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర రైల్వే శాఖ మంత్రివర్యులకు,

నమస్కారములు. హైదరాబాద్‌లో నడిచే సబర్బన్ (లోకల్) రైళ్లు ఎంఎంటీఎస్ గురించి, దాని రెండో దశ గురించి, అందులో కేంద్రం వాటా ఎంత, రాష్ట్రం వాటా ఎంత అన్న లెక్క గురించి తమరికి కొత్తగా విన్నవించవలసినదేమీ లేదు కనుక నేరుగా మా బాధలోకి వస్తున్నాను. మేడ్చల్ మార్గంలోని బొల్లారం, అల్వాల్ వైపు నుంచి రోజూ నగరంలోకి వచ్చే ప్రయాణికులం, ఈ రైళ్లు చెప్పకుండా రద్దవుతున్నాయనీ, ఆలస్యమవుతున్నాయనీ ఇదివరకే పలు కార్యాలయాలకు వినతిపత్రాలు ఇచ్చి ఉన్నాము. వాటిలో కొన్నింటికి జవాబే రాలేదు. వచ్చిన జవాబుల సారాంశం మాత్రం ఒక్కటే: ఎంఎంటీఎస్ చార్జీలు ఎంతో తక్కువ, కాబట్టి ప్రయాణికులు సంతోషంగా ఉండాలి.

చార్జీ తక్కువేనని మేమూ ఒప్పుకుంటున్నాము. ఐదు రూపాయలతో మొదలయ్యే టికెట్ ఈ నగరంలో మరి దేనికీ లేదు. 2025 మే నెలలో సవరించిన ధరల మీద రాయితీ పోగా మెట్రో రైలు కనీస చార్జీ 11 రూపాయలు, గరిష్ఠ చార్జీ 69 రూపాయలు అయింది. ప్రతి ప్రయాణికుడికీ సగటున 46 శాతం రాయితీ ఇస్తున్నామనీ, ఆ భారం ఏడాదికి రూ.56,993 కోట్లనీ తమ శాఖ పార్లమెంటులో చెప్పిన మాట కూడా మాకు గుర్తుంది. 2025 జూలైలో ఒకసారి, డిసెంబరులో మరోసారి చార్జీలు పెంచినప్పుడు సబర్బన్ టికెట్లనూ సీజన్ టికెట్లనూ ముట్టుకోలేదు, అందుకు కృతజ్ఞులము. ఇంకా తగ్గించమని కూడా మేము అడగడం లేదు. విస్తరి వేసి, ఊళ్లోకెల్లా చౌక భోజనం ఇదేనని పదేపదే చెప్పి, అన్నం వడ్డించకుండానే లేపేస్తే ఆ చౌకదనాన్ని ఏం చేసుకోవాలన్నదే మా ప్రశ్న.

నెల మొదట్లో సీజన్ టికెట్ తీసుకున్న ఉద్యోగి ఉదయం స్టేషనుకు వస్తే, ఆ రైలు ఆ రోజు లేదని అక్కడికి వచ్చాకనే తెలుస్తుంది. నిర్వహణ పనుల వల్ల ఫలానా రైళ్లు రద్దు అన్న ప్రకటన ముందురోజు సాయంత్రం ఎక్కడో వెలువడి ఉంటుంది, అది చూసినవారు అదృష్టవంతులు. రద్దు కాని రోజున రైలు బయలుదేరుతుంది కానీ, దూరప్రాంతపు ఎక్స్‌ప్రెస్‌కు దారి ఇవ్వడానికి సికింద్రాబాద్ స్టేషన్ అవుటర్ సిగ్నల్ దగ్గర ఆగిపోతుంది. లోపల ఉన్నవారికి ఎంతసేపు ఆగుతుందో చెప్పే నాథుడు ఉండడు. హైటెక్ సిటీ వైపు వెళ్లే రైలు ఈలోగా సికింద్రాబాద్ నుంచి కదిలిపోతుంది, తరువాతిది ఎప్పుడో ఎవరికీ తెలియదు. అప్పుడు ఆ ఉద్యోగి స్టేషన్ బయటికి వచ్చి బస్సో, మెట్రోనో ఎక్కుతాడు, దిగిన చోటినుంచి ఆఫీసు దాకా షేర్ ఆటోకు మళ్లీ ఇస్తాడు. సాయంత్రం ఇదే కథ వెనుక నుంచి ముందుకు జరుగుతుంది. నెలాఖరున కూర్చుని లెక్క వేసుకుంటే సీజన్ టికెట్‌కు కట్టిన సొమ్ము చిన్నదిగానే కనిపిస్తుంది, దాన్ని నమ్ముకున్నందుకు బయట పెట్టిన ఖర్చే పెద్దది. తమ శాఖ రాయితీ లెక్కల్లో ఈ రెండో పద్దు ఏ కాలమ్‌లో వస్తుందో అధికారులను అడిగి చెప్పించగలరు.

2023 డిసెంబరు 9 నుంచి రాష్ట్రంలో మహిళలకు ఆర్టీసీ బస్సు ప్రయాణం ఉచితం. ఎంఎంటీఎస్‌లో మహిళా ప్రయాణికులు తగ్గారని రేపు ఎవరైనా నివేదిక రాస్తే, కారణం కింద ఆ పథకం పేరు ఒక్కటే రాసి ఊరుకోవద్దని మనవి. వస్తుందో రాదో తెలియని రైలు కోసం ఎదురుచూసి, ఆలస్యానికి జీతంలో కోత పడిన మనిషికి బస్సు ఉచితం కాకపోయినా అదే ఎక్కాలనిపిస్తుంది.

ఇక టికెట్ నిబంధనల సంగతి వినండి. ఎంఎంటీఎస్ రద్దయిన పూట, మేము తిరిగి రావడానికి ఎక్కే లింగంపల్లి ప్లాట్‌ఫాం మీద సికింద్రాబాద్ వెళ్లే ఎక్స్‌ప్రెస్ ఆగి ఉంటుంది. దాని జనరల్ బోగీలో నిలబడటానికి చోటు కూడా ఉంటుంది. అయినా మా టికెట్ దానికి చెల్లదు. మెయిల్, ఎక్స్‌ప్రెస్ రైళ్లలో రెండో తరగతి కనీస చార్జీ 30 రూపాయలు. సూపర్‌ఫాస్ట్ అయితే మరో 15 రూపాయలు, సీజన్ టికెట్ ఉన్నవారికీ ఆ అదనపు రుసుము తప్పదు. తెలియక ఎక్కితే చార్జీతో పాటు కనీసం 250 రూపాయల జరిమానా. అంటే రైలు రద్దు చేసుకున్నది మీ శాఖ, జరిమానా కట్టవలసినది మేము. ఇందులో న్యాయం ఎక్కడ ఉందో మాకు కనిపించలేదు. ఉంటే చూపించగలరు.

పోనీ టికెట్ వెనక్కి ఇచ్చేద్దామంటే, అన్‌రిజర్వుడు టికెట్ రద్దుకు ఒక్కొక్కరికి 30 రూపాయల క్లర్కేజీ (రద్దు రుసుము) అని నిబంధన. మా టికెట్ పది రూపాయలు. పది రూపాయల టికెట్‌ను తిరిగి ఇచ్చి, మిగతా ఇరవై రూపాయలు మేమే కౌంటర్‌లో కట్టి రావాలా? యాప్‌లో తీసుకున్న కాగితం లేని టికెట్‌కు రద్దు సౌకర్యమే లేదు, ఆ విధంగా అది కాస్త మర్యాదగా ఉందనుకోవాలి. ఈ నిబంధన రాసినవారి మనసులో దూరప్రయాణికుడు ఉన్నాడే తప్ప, అల్వాల్‌లో రైలెక్కి సీతాఫల్‌మండిలో దిగేవాడు ఎన్నడూ లేడని దీన్ని బట్టి అర్థమవుతోంది.

సీజన్ టికెట్ విషయంలో మేము అడుగుతున్నది అపూర్వమైనదేమీ కాదు. 2020 మార్చిలో కరోనా వల్ల ఎంఎంటీఎస్ ఆగిపోయి, 2021 జూన్‌లో తిరిగి మొదలైనప్పుడు, పాత సీజన్ టికెట్లలో వాడుకోని రోజులను లెక్కగట్టి గడువు పొడిగించారు. అప్పుడు లెక్క కట్టగలిగిన యంత్రాంగానికి, ఒక నెలలో ఆ మార్గంలో ఎన్ని రైళ్లు రద్దయ్యాయో చూసి, అన్ని రోజులు మా టికెట్ గడువును జరపడం అసాధ్యం ఎలా అవుతుంది? ఏ రైలు రద్దయిందో ప్రకటించేది మీరే. ఎవరి చేతిలో ఏ మార్గపు సీజన్ టికెట్ ఉందో తెలిసినదీ మీ కంప్యూటర్‌కే. ఈ రెంటినీ కలిపి చూడమనడమే పెద్ద కోరిక అనిపిస్తే మేము చేయగలిగింది లేదు.

టికెట్ కొనడం గురించి క్లుప్తంగా చెబుతాను. అన్‌రిజర్వుడు టికెట్లకు మొదట యూటీఎస్ యాప్ అన్నారు, 2025 జూలై 1న రైల్‌వన్ యాప్ వచ్చింది. యాప్ మంచిదే. అయితే పరుగున వచ్చి స్టేషన్ లోపల ఫోన్ తీసినవాడికి, పరిధిలో ఉన్నారు కనుక టికెట్ ఇవ్వలేమంటుంది. లోపల తీసుకోవాలంటే అక్కడ అతికించిన క్యూఆర్ కోడ్‌ను వెతికి స్కాన్ చేయాలి. ఆ కాగితం చిరిగి ఉండవచ్చు, ఎండకు వెలిసి ఉండవచ్చు. ఉన్న ఒక్క కౌంటర్ ముందు వరుస, చిల్లర గొడవ, అటు కదిలిపోతున్న రైలు. టీసీని తప్పించుకు తిరగాలనుకునేవాడు ఫోన్ తీయనే తీయడు కదా. ఈ ఆంక్షతో ఇబ్బంది పడేది టికెట్ కొనాలనుకునేవాడే.

అసలైన మాట ఇంకొకటి ఉంది. చెన్నైలో 2025 సెప్టెంబరు 22 నుంచి సిటీ బస్సు, మెట్రో, సబర్బన్ రైలు మూడింటికీ ఒకే యాప్‌లో ఒకే క్యూఆర్ టికెట్ వచ్చింది. అది జరిగి నెల తిరగకుండానే, అక్టోబరు 8న ముంబయిలో ప్రధానమంత్రి గారే లోకల్ రైళ్లు సహా 11 రవాణా సంస్థలను కలిపిన ముంబయి వన్ యాప్‌ను ప్రారంభించారు. రెండు చోట్లా రైలు మీదే, రైల్వే మీదే. మరి మలక్‌పేటలో, భరత్‌నగర్‌లో, ఖైరతాబాద్‌లో, బేగంపేటలో ఎంఎంటీఎస్ స్టేషన్, మెట్రో స్టేషన్ నడిచి వెళ్లేంత దగ్గరలో ఉన్నా, మేము ఒకచోట దిగి మరోచోట వరుసలో నిలబడి రెండోసారి టికెట్ ఎందుకు కొనాలి? రాష్ట్ర ప్రభుత్వం ముందుకు రావాలని మీవారంటారు, కేంద్రం స్పందించాలని ఇక్కడివారంటారు. ఆ వాదన ముగిసేదాకా ఆగగలిగిన ఓపిక ఆఫీసులో హాజరు పుస్తకానికి లేదు.

2023 ఏప్రిల్ 8న సికింద్రాబాద్‌లో ప్రధానమంత్రి గారు 13 కొత్త ఎంఎంటీఎస్ సర్వీసులకు జెండా ఊపినప్పుడు, మేడ్చల్ దాకా ఇక బెంగలేదని మా వీధుల్లో అందరూ అనుకున్నారు. రైలును నమ్మి ఇటువైపు అద్దె ఇళ్లు తీసుకున్నవారు ఉన్నారు. వారికి ఇప్పుడు మీ శాఖ నుంచి కావలసినది మరో జెండా ఊపే సభ కాదు. రైలు రద్దయినా, గంటల తరబడి ఆలస్యమైనా, అదే టికెట్‌తో, అదే సీజన్ టికెట్‌తో తరువాతి ఎక్స్‌ప్రెస్ జనరల్ బోగీలో ఎక్కనివ్వండి. దీనికి పైసా ఖర్చు లేదు, ఒక ఉత్తర్వు చాలు. నడవని రోజులను సీజన్ టికెట్ గడువులో కలపండి. పది రూపాయల టికెట్‌కు ముప్పై రూపాయల క్లర్కేజీ అనే వింతను తొలగించండి. బస్సుకు, మెట్రోకు, ఎంఎంటీఎస్‌కు కలిపి ఒకే టికెట్ మాకూ ఇప్పించండి, అందుకు రాష్ట్రంతో మాట్లాడవలసి ఉంటే దయచేసి మాట్లాడండి. మళ్లీ చెబుతున్నాను, చార్జీ తగ్గించమని అడగడం లేదు.

ఈ లేఖకు జవాబు ఇవ్వాలని తమరికి అనిపిస్తే, తేదీ వేసిన ఒక నిర్ణయం రాసి పంపండి. తగిన చర్య నిమిత్తం మరో కార్యాలయానికి పంపడమైనదని తెలిపే కాగితాన్ని మాత్రం పంపవద్దని వేడుకుంటున్నాను. అటువంటివి మా దగ్గర ఇప్పటికే చాలా పోగయ్యాయి.

ఇట్లు,
మేడ్చల్ మార్గంలో సీజన్ టికెట్ గల ఒక నిత్య ప్రయాణికుడు