పిల్లల డాక్టరు గారికి, ఆమె బృందానికి మా కృతజ్ఞతలు

మా అబ్బాయికి 12 ఏళ్లు. ఊబకాయం ఉంది. పరగడుపున చూసిన షుగర్ 92. వంద లోపే కదా, ఫరవాలేదని మేమంతా అనుకున్నాం. పిల్లల హార్మోన్ల వైద్యురాలు మాత్రం అక్కడితో ఆగలేదు. వాడి మెడ వెనుక నల్లబడి మందమైన చర్మాన్ని వేలితో తడిమి చూసి, "ఇది మురికి కాదు నాన్నా, ఎంత రుద్దినా పోదు. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయక ఎక్కువగా ఊరుతోందని చెప్పే గుర్తు" అన్నారు. ఆ నలుపు గురించి వాడు బడిలో పడ్డ మాటలు నాకు తెలుసు. ఆ ఒక్క మాటకే ఆమెకు చేతులెత్తి మొక్కాలనిపించింది.

తర్వాత గ్లూకోజు తాగించి, రెండు గంటలపాటు అరగంటకోసారి రక్తం తీశారు. రెండు గంటలప్పటి అంకె 140 లోపే ఉంది, అది మామూలే. గంటప్పటిది మాత్రం 155 దాటింది, అది జాగ్రత్తపడమని చెప్పే గుర్తట. డాక్టరు గారు ఆ అంకెలన్నిటినీ కలిపి కాగితం మీద ఒక గీత గీసి చూపించారు. కొందరు పిల్లల్లో చక్కెర పెరిగి, తగ్గి, మళ్లీ కాస్త లేస్తుందట. అలాంటి వాళ్లలో సాధారణంగా ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తుందట. మా వాడి గీత ఒక్కసారే పైకి లేచింది, అదీ ఆలస్యంగా. మధుమేహం ఇంకా రాలేదు, అయితే ఇప్పుడే జాగ్రత్తపడాలి అన్నారు. ఇన్సులిన్ సరిగా పనిచేయనప్పుడు ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు) పెరుగుతాయి, మంచి కొలెస్ట్రాల్ తగ్గుతుంది, రక్తపోటు ఎక్కుతుంది. గుండెకు రక్తం తీసుకెళ్లే నాళాలు చెడిపోవడం చిన్నతనంలోనే మొదలవుతుందని అంత నిదానంగా మాకు ఎవరూ చెప్పలేదు.

నర్సమ్మ గారిని మరవలేను. బీపీ చూసేటప్పుడు చేతికి పట్టీ ఇరుకైతే అంకె లేనిపోని ఎక్కువ చూపిస్తుందని, పక్క వార్డు నుంచి వెడల్పాటి పట్టీ తెప్పించి మళ్లీ చూశారు. బరువు తూచేటప్పుడు తలుపు వేసి, అంకెను పైకి చదవకుండా రాసుకున్నారు.

ఆహార నిపుణురాలు వాడికొక్కడికే వేరే వంట వద్దన్నారు. తీపి పానీయాలు ఇంటిల్లిపాదీ మానేశాం. వ్యాయామం మాస్టారు వాడిని రోజూ ఆటలోకి పిలుస్తున్నారు, పరుగులో వెనకబడినా పక్కన కూర్చోబెట్టడం లేదు.

ఈమధ్య చూపించినప్పుడు ట్రైగ్లిజరైడ్లు కొంత దిగాయి. గ్లూకోజు పరీక్ష మళ్లీ చేయాల్సి ఉంది. డాక్టరు గారూ, మా పిల్లవాడిని ఒక్క మాటతోనూ నొప్పించకుండా వైద్యం చేస్తున్నందుకు మీకూ, మీతో పనిచేసే అందరికీ మా ఇంటివాళ్లందరి తరఫున నమస్కారాలు.