మీ మనవడి గురించి, మా చిన్నబాబు గురించి

అంబాజీపేట,
ఆదివారం సాయంత్రం.

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం మొన్న గురువారం అందింది. ఒకసారి నాలో నేను చదువుకుని, దీపాలు పెట్టే వేళ మా ఆవిడకు కూడా చదివి వినిపించాను. మీ మనవడికి రెండో ఏడు నిండుతున్నా మెడ సరిగా నిలవడం లేదనీ, పెద్దాసుపత్రిలో పరీక్షలన్నీ చేసి సెరెబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని కండరాలు పట్టు తప్పే స్థితి అని తేల్చారనీ, అమ్మాయి నెల రోజులుగా ఎవరితోనూ సరిగా మాట్లాడడం లేదనీ రాశావు. చివర్లో, ముప్పై ఏళ్ళుగా మీరెలా నెట్టుకొచ్చారని అడిగావు. ఆ ప్రశ్నకు ఫోనులో జవాబు చెప్పడం నాకు చేతకాదు, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

నీ దగ్గర దాపరికం ఎందుకు? మొదటి ఇరవయ్యొక్క ఏళ్ళూ మేము నెట్టుకురాలేదు, ఈడ్చుకొచ్చాము. సరిగ్గా బతకడం మొదలుపెట్టింది 2015 నుంచే, అంటే నేను నీతో అప్పుడప్పుడూ చెప్పే, ఇలాంటి పిల్లల కోసం నడిచే ఆ కేంద్రానికి వెళ్ళడం మొదలైన దగ్గర నుంచే. మీ ఇంట్లో ఆ ఇరవయ్యొక్క ఏళ్ళు వృథా కాకూడదన్నదే నా తాపత్రయం.

మా చిన్నబాబు 1994లో పుట్టినప్పుడు చాలాసేపటి వరకూ ఏడవలేదు. ఆ కాస్త సమయంలో మెదడుకు ప్రాణవాయువు అందకపోవడం వల్ల జరిగిన నష్టమని తర్వాత చెప్పారు. అది పెరిగే జబ్బు కాదనీ, అలాగని మందుతో పోయేదీ కాదనీ, కండరాలు బిగుసుకుపోకుండా కూర్చోబెట్టే తీరుతోనూ రోజువారీ వ్యాయామంతోనూ చాలావరకు కాపాడుకోవచ్చనీ మాకు ఎవరూ విడమరచి చెప్పలేదు. ఒక నగరంలో పేరున్న డాక్టరుగారు రెండు నిమిషాలు చూసి, "ఇంక లాభం లేదు, ఇంకో బిడ్డను కనండి" అన్నారు. ఆ మాట మా ఆవిడ ఈనాటికీ మరిచిపోలేదు. ఆ తర్వాత మొక్కులు, తైలాలు, పసర్లు, ఇంజెక్షన్ల కోర్సులు. వాటి కోసం అర ఎకరం కొబ్బరి తోట అమ్మిన సంగతి నీకు తెలుసు, ఎందుకు అమ్మానో మాత్రం అప్పట్లో నీకు కూడా చెప్పలేదు.

ఇంట్లో చాకిరీ అంతా ఆమెదే. వాణ్ణి ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టుకుని, మెత్తగా పిసికిన పప్పన్నం నోట్లో పెట్టి, గొంతు దిగేలా తల కాస్త వెనక్కి వంచేది. ప్రతి రెండో ముద్దకూ వాడికి పొలమారేది. చలికాలం వచ్చిందంటే న్యుమోనియా తప్పేది కాదు. పడుకోబెట్టి తినిపిస్తే అన్నం ఊపిరితిత్తుల్లోకి పోతుందని మాకు తెలియదు. బిడ్డ మీద ప్రాణం పెట్టుకున్న తల్లి, ఆ ప్రేమతోనే బిడ్డకు జబ్బు తెచ్చిపెడుతోందన్న విషయం చెప్పే మనిషి ఒక్కరు కూడా మాకు తారసపడలేదు.

1996 నవంబరు 6న వచ్చిన తుఫాను రాత్రి నీకు గుర్తుండే ఉంటుంది. కోనసీమ అంతా కొబ్బరి చెట్లు లెక్క పెట్టి ఏడ్చింది. మాకు మాత్రం వేరే బాధ. వాడి ఫిట్సు మాత్రలు తడిసి ముద్దయిపోయాయి. చెట్లు అడ్డం పడి దారులు మూసుకుపోయాయి, మూడు రోజులు మందు దొరకలేదు. ఫిట్సు మందు ఒక్కసారిగా ఆగితే ఏమవుతుందో ఆ మూడు రోజుల్లో కళ్ళారా చూశాము. ఈ ముక్క ఎందుకు రాశానో ముందు ముందు తెలుస్తుంది.

ఇక కేంద్రం సంగతి. పంటకాలువ గట్టున ఉన్న పాత పెంకుటిల్లు అది. ఇలాంటి పిల్లలున్న కొందరు తల్లిదండ్రులు కలిసి అద్దెకు తీసుకుని నడుపుతున్నారు. ఇద్దరు ప్రత్యేక విద్య టీచర్లు ఉంటారు, వారానికి రెండు రోజులు ఫిజియోథెరపీ చేసే అమ్మాయి వస్తుంది. ఫీజు ఎవరి శక్తి కొద్దీ వారు ఇస్తారు. ఇవ్వలేనివారు అరటిగెలో, బియ్యమో తెచ్చి వంటింట్లో పెట్టి వెళతారు. నేను కూడా మొదటి రోజు ఇది ఏం కేంద్రంలే అనుకునే లోపలికి వెళ్ళాను.

వెళ్ళగానే మా అబ్బాయి గురించి అడుగుతారనుకున్నాము. ఆ ఫిజియోథెరపీ అమ్మాయి ముందుగా మా ఆవిడ వైపు తిరిగి, "అమ్మా, మీ నడుము ఎలా ఉంది?" అని అడిగింది. ఇరవయ్యొక్క ఏళ్ళలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆమే, చివరికి నేను కూడా అడగలేదు. మా ఆవిడ మాట పెగలక అలాగే నిలబడిపోయింది. తర్వాత వాణ్ణి మంచం మీద నుంచి కుర్చీలోకి రోజూ ఎలా మారుస్తారో చేసి చూపించమంది. చూసి, నడుము వంచి చేతులు చాచి ఎత్తడమే తప్పని చెప్పి, మోకాళ్ళు వంచి, వాణ్ణి ఛాతీకి దగ్గరగా హత్తుకుని, పాదాలతో తిరగడం నేర్పింది. అది నేర్చుకోవడానికి మూడు వారాలు పట్టింది. నడుము నొప్పి పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పను, కానీ రాత్రిళ్ళు నిద్రపడుతోంది.

అన్నం తినిపించడం కూడా అక్కడే మళ్ళీ మొదటి నుంచి నేర్చుకున్నాము. పాదాల కింద చెక్కపీట వేసి, తొడలకు పట్టీ కట్టి, నిటారుగా కూర్చోబెట్టాలి. తినిపించేవారు ఎదురుగా, వాడి కళ్ళకంటే కొంచెం కిందగా కూర్చోవాలి. చెంచా పైనుంచి కాక ఎదురుగా రావాలి, గడ్డం కాస్త లోపలికి ఉండాలి, ఒక ముద్ద మింగాడని గొంతు కదలిక చూసి తెలుసుకున్నాకనే రెండో ముద్ద పెట్టాలి. ఒక్క భోజనానికి నలభై నిమిషాలు పడుతుంది. ఆ ఏడాది చలికాలం వాడికి న్యుమోనియా రాలేదు. మీ మనవణ్ణి కూడా ఇకమీదట పడుకోబెట్టి తినిపించనివ్వకు. ఆ చిన్న వయసుకు తగిన కూర్చోబెట్టే పద్ధతి ఏమిటో థెరపిస్టు దగ్గరే దగ్గరుండి నేర్చుకోండి.

మండపేటలో మా మరదలి కూతురి పెళ్ళి జరిగినప్పటి సంగతి కూడా రాయాలి. అప్పటి వరకూ మా ఆవిడ కొడుకును వదిలి ఒక్క రాత్రి కూడా బయట పడుకోలేదు. వాణ్ణి పెళ్ళిళ్ళకు తీసుకువెళితే జనం చూసే చూపులు, వదిలి వెళితే చూసేవాళ్ళు లేకపోవడం, ఈ రెండింటి మధ్యా ఆమె పుట్టింటి శుభకార్యాలన్నీ గడిచిపోయాయి. ఈసారి కేంద్రంలో శిక్షణ పొందిన ఇద్దరు తల్లులు వంతులవారీగా మా ఇంట్లో ఉంటామన్నారు. మందుల వేళలు, వాడు ఏ శబ్దానికి భయపడతాడో, ఏ పక్కకు తిరిగితే నిద్రపోతాడో, అన్నీ ఒక నోటుపుస్తకంలో రాయించుకున్నారు. ఆమె రెండు రాత్రులు ఉండి, చేతుల నిండా గాజులతో తిరిగి వచ్చింది. వచ్చీ రాగానే, వాడు నా కోసం ఏడ్చాడా అని అడిగింది. లేదు, బాగానే తిన్నాడు, పడుకున్నాడు అన్నాను. ఆ మాటకు ఆమె వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు ఏడ్చింది. అది సంతోషమో, బాధో నేను అడగలేదు. మరుసటి మంగళవారం కేంద్రంలో జరిగే తల్లుల సమావేశంలో తానే చెప్పిందట: "నేను లేకపోయినా వాడు బతకగలడని ఆ రోజే మొదటిసారి తెలిసింది, అందుకు ఏడ్చాను" అని.

ఆ మంగళవారం సమావేశాల గురించి అమ్మాయికి ప్రత్యేకంగా చెప్పు. అక్కడ ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు. ఒకావిడకు అత్తగారి మాటలు బాధ, ఇంకొకావిడకు ఎదిగిన ఆడపిల్లకు నెలసరి వస్తే శుభ్రత ఎలా అన్న దిగులు. ఒకావిడైతే భర్త గల్ఫ్‌లో ఉండగా, ఎదిగిన కొడుక్కి తానొక్కతే స్నానం చేయించాలి. ఒకరు చెబుతుంటే మిగిలినవారికి తమ ఇంటి సంగతే విన్నట్టుంటుంది. నాకు మాత్రం ఒక లోటు కనిపిస్తుంది, మగవాళ్ళు రారు. నేనే మొదటి రెండేళ్ళూ వాళ్ళను దింపి, కాలువ గట్టు మీద పేపరు చదువుతూ కూర్చున్నాను. ఎంత పొరపాటు చేశానో లోపల అడుగుపెట్టాక అర్థమైంది. మీ అల్లుణ్ణి మొదటి రోజు నుంచే లోపలికి పంపించు.

మా చిన్నబాబు అక్కడ పని కూడా నేర్చుకున్నాడు. కొబ్బరాకు నుంచి ఈనెలు తీసి చీపుర్లు కట్టే పని అది. ఎడమ చేయి వంగి ఉంటుంది కాబట్టి ఆకును ఒక చెక్క బిగింపులో పెడతారు, వాడు కుడిచేత్తో ఈనె లాగుతాడు. ఇన్ని ఈనెలైతే ఒక కట్ట అని లెక్కపెట్టడం వాడి వల్ల కాదు. టీచరుగారు ఒక ప్లాస్టిక్ పైపును రెండంగుళాల పొడవున కోసి ఇచ్చారు. ఆ ముక్క నిండి, ఇంకొక ఈనె దూరకపోతే కట్ట పూర్తయినట్టు. వాడికి అంకె రాకపోతేనేం, పైపు నిండగానే దాన్ని పైకెత్తి చూపించి నవ్వుతాడు. నేను ముప్పై అయిదేళ్ళు లెక్కలు చెప్పాను మిత్రమా, రాని లెక్కను ఇంత చక్కగా దాటించే ఉపాయం నాకు ఏనాడూ తట్టలేదు.

చక్రాల కుర్చీ సంగతీ అంతే. శిబిరంలో ఇచ్చిన కుర్చీ వాడికి వెడల్పు ఎక్కువై పక్కకు ఒరిగిపోయేవాడు. కేంద్రంలో రెండు పక్కలా స్పాంజి దిండ్లు బిగించి సరిచేశారు. అయినా మా ఇంటి ముందు బోదె దాటడానికి తాటి దుంగలే ఉండేవి కదా, కుర్చీ ఎలా వెళుతుంది? దుంగలు తీయించి సిమెంటు పలక వేయించాను. ఇంత చిన్న పని చేయడానికి నాకు ఇరవయ్యేళ్ళు పట్టిందని తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

కాగితాల పని గురించి కొంచెం చెబుతాను, ఇది నువ్వే చూసుకో. ముందు వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు తేల్చే ప్రభుత్వ సదరం శిబిరంలో ధ్రువపత్రం, దానితోపాటు దివ్యాంగుల గుర్తింపు కార్డయిన యూడీఐడీ కార్డు తీసుకోవాలి. 40 శాతం, అంతకు పైన వైకల్యం ఉంటేనే చాలా సదుపాయాలు వర్తిస్తాయి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో సెరెబ్రల్ పాల్సీని విడిగా పేర్కొన్నారు. పాత చట్టంలో 7 రకాల వైకల్యాలే ఉండగా ఇందులో 21 ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్టు వారి నిరామయ ఆరోగ్య బీమా కింద లక్ష రూపాయల దాకా ఖర్చు వస్తుంది, థెరపీ ఖర్చు కూడా అందులో ఉంటుంది. బిడ్డకు పద్దెనిమిదేళ్ళు దాటాక చట్టం దృష్టిలో తల్లిదండ్రులు తమంతట తామే సంరక్షకులుగా కొనసాగరు. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం ప్రకారం కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టుకోవాలి. ఇది కేంద్రంలో చెప్పేదాకా నాకు తెలియదు. నా తర్వాత కుటుంబ పింఛను వాడికి అందేలా వాడి పేరు, ధ్రువపత్రం నా పింఛను కాగితాల్లో చేర్పించింది కూడా వాళ్ళ సలహాతోనే.

మీవాడు చిన్నవాడు, అదే మీ అదృష్టం. జిల్లా ఆసుపత్రిలో ఉండే సత్వర చికిత్సా కేంద్రానికి వెంటనే తీసుకువెళ్ళండి. ఇలాంటి పిల్లల కోసం ప్రభుత్వం మీ మండలంలో నడిపే భవిత కేంద్రంలో ఫిజియోథెరపిస్టు ఏయే రోజుల్లో వస్తారో కనుక్కో. వాళ్ళు నేర్పింది ఇంట్లో రోజూ చేయాలి, వారానికి రెండు సార్లు వెళ్ళి రావడంతో సరిపోదు. మూలకణాల (స్టెమ్ సెల్) చికిత్సతో నడిపిస్తామని లక్షలు అడిగేవాళ్ళు తప్పకుండా తగులుతారు. సెరెబ్రల్ పాల్సీకి అది రుజువైన వైద్యం కాదు. నీ పొలం జోలికి వెళ్ళకు.

కేంద్రంలో లోటుపాట్లు లేవని అనను. జీతం చాలక మంచి టీచర్లు వెళ్ళిపోతుంటారు, వ్యాను డీజిలుకు ప్రతి నెలా వెతుకులాటే. అయినా 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటి లంకలన్నీ మునిగినప్పుడు ఆ పెంకుటింటి నుంచే పిల్లలున్న ప్రతి ఇంటికీ ఫోను వెళ్ళింది. లంకలో ఎవరికి ముందు పడవ కావాలో పట్టిక ముందే రాసి పెట్టుకున్నారు. ఫిట్సు మందులు పదిహేను రోజులకు సరిపడా నీళ్ళు తగలని కవరులో కట్టి, పిల్లవాడి మెడలో వేయమన్నారు. మా ఇల్లు మునగలేదు. అయినా మా ఆవిడ ఆ కవరు కట్టి వాడి మెడలో వేసి, ముడి సరిగా పడిందా లేదా అని రాత్రి రెండు సార్లు లేచి చూసింది. ఈసారి ఆ ఇళ్ళలో ఒక్క బిడ్డకూ మందు ఆగలేదు.

వచ్చే మంగళవారం అమ్మాయినీ, అల్లుణ్ణీ, పిల్లవాణ్ణీ వెంటబెట్టుకుని బయలుదేరు. పాలకొల్లులో ఉదయం బస్సు ఎక్కి, చించినాడ వంతెన దాటి రాజోలులో దిగితే నేను ఆటోతో ఎదురు వస్తాను. చెల్లెమ్మను కూడా తీసుకురా, రాత్రికి మా ఇంట్లోనే ఉందురు గాని. పిల్లవాడు రోజూ ఏ భంగిమలో తింటాడో అమ్మాయిని ఒక కాగితం మీద రాసి తెమ్మను, వాళ్ళు మొదట అదే అడుగుతారు.

ఇట్లు,
నీ మిత్రుడు