డబ్బంతా ఇచ్చేశాం, పనివాళ్లకు మాత్రం అందలేదు: కార్మిక శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర కార్మిక శాఖ మంత్రిగారికి,

నెల్లూరు వేదాయపాళెం నుంచి ఒక గృహిణి నమస్కరించి రాసుకుంటున్న లేఖ ఇది. ఇదే విషయం మీద ఇప్పటికి నాలుగు అర్జీలు పెట్టుకున్నాను. ఏ ఆఫీసులో అన్నది ఇక్కడ రాయను, ఎవరినీ రచ్చకీడ్చాలని నాకు లేదు. రసీదులు భద్రంగా ఉన్నాయి. జవాబు మాత్రం ఒక్కదానికీ రాలేదు.

మాది పాత ఇల్లు. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుఫాను వానలకు స్లాబు కారడం మొదలైంది. చేతిలో డబ్బు కూడేసరికి 2025 వేసవి వచ్చింది. వాటర్‌ప్రూఫింగు, రెండు బాత్‌రూములు, టైల్స్, లప్పం, పెయింటింగు అన్నీ కలిపి 6,80,000 రూపాయలకు ఒక కాంట్రాక్టరుకు అప్పగించాం. ఆఖరి రూపాయి దాకా ఇచ్చేశాం, సగానికి పైగా ఫోన్‌పేలోనే. ఆగస్టు నుంచి ఆయన ఫోను స్విచ్చాఫ్.

ఆయన టైల్స్ మేస్త్రీకి 46,000, పెయింటరుకు 31,000, ప్లంబరుకు 18,500 బాకీ పెట్టి పోయాడని మాకు ఆ తర్వాతే తెలిసింది. వాళ్లు అడిగినప్పుడల్లా "ఇంటివాళ్లు ఇంకా ఇవ్వలేదు" అని చెబుతూ వచ్చాడట. ఆ ముగ్గురూ రెండు నెలలు మా ఇంట్లో పనిచేశారు. రోజూ టీ ఇచ్చాను, ఎండలు ముదిరితే మజ్జిగ ఇచ్చాను. "నాయనా, మీ డబ్బు మీకు ముడుతోందా?" అని ఒక్కసారి కూడా అడగలేదు. అడిగి ఉండాల్సింది.

ప్లంబరు వచ్చి కుళాయిలు విప్పుకుని పోతానన్నాడు. పెయింటరు వీధిలో నిలబడి అరిచాడు. వాళ్ల మీద నాకు కోపం లేదు. నాకు నిద్ర లేకుండా చేస్తున్నది మాత్రం టైల్స్ మేస్త్రీయే. ఆయన అరవడు. ఉదయం ఆరింటికి వచ్చి గేటు దగ్గర కూర్చుంటాడు. మొదటిరోజు ఫోన్లో డబ్బు పంపిన వివరాలన్నీ చూపించాను. ఒక్కొక్కటీ వేలితో జరుపుతూ చూశాడు. "అమ్మా, మీరిచ్చారని ఇది చెబుతోంది, ఇవ్వలేదని ఆయన చెప్పాడు. నా కింద పనిచేసిన ఇద్దరు కుర్రాళ్లకు నేను అప్పు తెచ్చి ఇచ్చాను. ఆ వడ్డీ ఎవరు కడతారు?" అన్నాడు. నా దగ్గర మాట లేదు. సంక్రాంతి ముందు భార్యను కూడా తీసుకొచ్చాడు. ఆమె లోపలికి రమ్మన్నా రాలేదు. మా ఆయన మందుల డబ్బులోంచి అయిదు వేలు తీసి ఇచ్చాను. తీసుకునేటప్పుడు ఆయన తల దించుకున్నాడు, నేనూ దించుకున్నాను. మేమిద్దరం ఒకరికొకరం ఏం తప్పు చేశామండీ?

ఎక్కడికి వెళ్లమంటారు? పోలీసులు సివిల్ మేటర్ అన్నారు. ఇంకోచోట, సొంతింటి పని పది లక్షల లోపు అయితే 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం వర్తించదన్నారు. 2025 నవంబరు 21న పాత కార్మిక చట్టాల స్థానంలో కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి కదా అని ఆశపడ్డాను. వాటిలో ఆ పది లక్షల హద్దును 50 లక్షలు చేశారు. కాంట్రాక్టరు ఎగ్గొడితే అసలు యజమాని కట్టాలని మేస్త్రీకి ఎవరో చెప్పారట. 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టంలో ఆ మాట ఉండేది, కానీ అది 20 మంది, అంతకు పైన పనిచేసే చోటుకు. ఇప్పుడా 20 కూడా 50 అయింది. మా ఇంట్లో ఏ రోజూ ఆరుగురికి మించి పనిచేయలేదు. మధ్యతరగతి ఇళ్ల మరమ్మతులన్నీ ఇంతే కదా! ఆ ఇళ్లల్లో చెమటోడ్చేవాళ్లు ఏ లెక్కలోకి వస్తారు? వినియోగదారుల కమిషనుకు నేను వెళ్లగలను, పని చెడితే. కూలి పోగొట్టుకున్న మేస్త్రీ అక్కడ వినియోగదారుడు కాడు.

మంత్రిగారూ, నేను చదివింది ఇంటర్మీడియట్ వరకే. చట్టం ఎలా రాయాలో నాకు తెలియదు. చిన్న పనులు చేసే కాంట్రాక్టర్ల పేర్లు వార్డు సచివాలయంలో నమోదు చేయించండి. ఆఖరి వాయిదా ఇచ్చే ముందు కింది పనివాళ్లందరూ "మాకు ముట్టింది" అని సంతకం పెట్టే కాగితం ఒకటి తప్పనిసరి చేయండి. అంతకన్నా ముందు, ఆ కాంట్రాక్టరును పిలిపించి ఆ ముగ్గురినీ ఎదురుగా కూర్చోబెట్టే అధికారి ఒకరిని చూపించండి. ఒక్కరు చాలు. నా డబ్బు నాకు తిరిగి ఇప్పించమని అడగడం లేదు. వాళ్ల డబ్బు వాళ్లకు ఇప్పించమంటున్నాను.

రేపు ఉదయం కూడా ఆయన వస్తాడు. ఏం చెప్పమంటారో దయచేసి చెప్పండి.

ఇట్లు,
ఒక ఇంటి యజమానురాలు,
వేదాయపాళెం, నెల్లూరు