అధ్యాయం మొత్తం చదివితే

సంపాదకుడు గారికి,

మెస్సీయ, అంటే దేవుడు పంపుతానన్న రక్షకుడు, గురించిన ప్రవచనాల మీద మీరు వేసిన వ్యాసం చదివాను. యేసును మెస్సీయగా అంగీకరించని యూదులది మొండితనం అన్న మాట దగ్గర మనసు చివుక్కుమంది.

నేను క్రైస్తవుణ్ణి. కన్య గర్భవతియై కుమారుణ్ణి కంటుందని మన బైబిల్లో ఉన్న యెషయా 7:14 యేసులో నెరవేరిందని మనస్ఫూర్తిగా నమ్ముతాను. కానీ ఆ ఒక్క వచనమే చదివి పుస్తకం మూసేస్తే ఎలా? సిరియా, ఇశ్రాయేలు రాజులు ఏకమై యెరూషలేము మీదికి వస్తున్నారు. గాలికి అడవి చెట్లు కదిలినట్టు అక్కడి యూదా రాజు ఆహాజు గుండె కదిలిపోయింది. అంత టెన్షన్‌లో ఉన్న మనిషి ముందు పలికిన సూచన అది. బిడ్డకు మంచీ చెడూ తెలిసేలోపే ఆ ఇద్దరు రాజుల దేశం పాడవుతుందని 16వ వచనంలోనే ఉంది. హీబ్రూలో ఉన్న మాట ‘అల్మా’, అంటే యువతి. క్రీస్తుకు ముందే గ్రీకులోకి తెచ్చిన యూదు అనువాదకులు ‘పార్థెనోస్’, అంటే కన్య, అని రాశారు. సువార్త రాసిన మత్తయి ఎత్తి రాసింది ఈ గ్రీకు మాటనే. యూదులు తమ మూలాన్ని చదువుకుంటున్నారు, అందులో మొండితనం ఏముంది?

‘ఐగుప్తు నుంచి నా కుమారుణ్ణి పిలిచాను’ అని మత్తయి యేసుకు అన్వయించిన హోషేయ 11:1 కూడా అంతే. అక్కడ ‘కుమారుడు’ ఐగుప్తు నుంచి బయటపడిన ఇశ్రాయేలు ప్రజ. ఆ ప్రజ నడిచిన దారినే యేసు మళ్లీ నడిచాడని మత్తయి చూశాడు. నా విశ్వాసానికి అదే బలం.

ఇతరుల పాపాల కోసం బాధపడే సేవకుడి గురించిన యెషయా 53 చదువుతూ, ప్రవక్త చెబుతున్నది తన గురించా, మరొకరి గురించా అని బైబిల్లో ఒక ఐతియొపీయుడు సువార్త ప్రకటించే ఫిలిప్పును అడిగాడు. ఫిలిప్పు కసరలేదు, పక్కన కూర్చుని చెప్పాడు. ఈసారి ఈ విషయం మీద వ్యాసం వేస్తే, దయచేసి ఒక యూదు పండితుడి వివరణ కూడా పక్కనే వేయండి.

– ఒక పాఠకుడు